ఒమన్ ట్రిప్ రివ్యూ: ఎడారి చూడండి, కానీ రాత్రులు మాత్రం నీళ్ళున్న ఊళ్ళలో ఉండండి

హాయ్ అందరికీ, నమస్తే. ఈ వీడియోలో ఒమన్ ట్రిప్ గురించి మొత్తం మాట్లాడుకుందాం, ఏది తప్పకుండా చూడాలి, ఏది వదిలేసినా నష్టం లేదు, ఎన్ని రోజులు పెట్టుకోవాలి, కారు తీసుకోవాలా వద్దా, అన్నీ చెప్తా. టైం లేనివాళ్ళు ఈ ఒక్క మాట విని వెళ్ళిపోయినా పర్లేదు, ఒమన్‌కి కేవలం మస్కట్ చూడ్డానికి వెళ్ళకండి. మస్కట్‌లో ఒకటి రెండు రాత్రులు చాలు, మిగతా రాత్రులన్నీ బయట పెట్టుకోండి, అది కూడా నీళ్ళున్న ఊళ్ళ దగ్గర. ఎడారి దేశంలో నీళ్ళేంటి అంటారా, ఈ వీడియో అంతా దాని గురించే.

మా నిజామాబాద్, జగిత్యాల వైపు గానీ, అటు కడప, గోదావరి జిల్లాల్లో గానీ గల్ఫ్ అంటే పనికి వెళ్ళే చోటు, అంతే. ఏ ఊళ్ళో చూసినా మస్కట్ పోయొచ్చినవాళ్ళు ఒకరైనా ఉంటారు, కానీ అక్కడ ఏం చూశారన్నా అని అడిగితే రూమూ, సైటూ తప్ప ఏం చూడలేదు అంటారు పాపం. నాకు అది చాలా బాధనిపిస్తది. అందుకే మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా అక్కడ పని చేస్తుంటే మీ ట్రిప్‌లో ఒక శుక్రవారం వాళ్ళ కోసం ఉంచండి, సెలవు దొరికితే కారులో ఎక్కించుకుని ఆ కొండలూ ఆ లోయలూ చూపించండి, దీనికంటే మంచి ప్లాన్ నేను చెప్పలేను.

సరే, ఎప్పుడు వెళ్ళాలి. అక్టోబర్ చివర నుంచి మార్చి వరకు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుద్ది, కోట మెట్లు కూడా ఎక్కలేరు, టికెట్ చవగ్గా వచ్చిందని జూన్‌లో మాత్రం బుక్ చేయకండి. ఇంకోటి, 2026లో, 2027లో రంజాన్ నెల ఫిబ్రవరి, మార్చిలోనే పడుతోంది, పగలు బయట తినడం తాగడం కుదరదు, చాలా హోటళ్ళు మూసే ఉంటాయి, చిన్న పిల్లలు ఉన్నవాళ్ళు అయితే నవంబర్, డిసెంబర్ చూసుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, సుమారు మూడున్నర గంటల ప్రయాణం, టైం మనకంటే గంటన్నర వెనక.

వీసా ఆన్‌లైన్‌లోనే, రాయల్ ఒమన్ పోలీస్ వాళ్ళ ఈవీసా సైట్ ఉంది, అందులోనే అప్లై చేయండి. 10 రోజుల టూరిస్ట్ వీసా, 30 రోజులది వేర్వేరు, ఫీజులో చాలా తేడా ఉంటది కాబట్టి మీ ప్లాన్ 10 రోజుల్లోపు సర్దుకుంటే డబ్బు మిగుల్తది. పాస్‌పోర్ట్ ఇంకా 6 నెలలైనా చెల్లాలి. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం, ఎవరైనా ఏజెంట్ విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికి పోయాక పని వీసాగా మారుస్తా అంటే నమ్మకండి. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం, ఇరుక్కుంటే జీతం రాదు, పాస్‌పోర్ట్ చేతిలో ఉండదు, ఇంటికి రావడానికి నెలలు పడతది. టూరిస్ట్ వీసా తిరిగి చూసి రావడానికి మాత్రమే.

డబ్బు లెక్క ముందే బుర్రలో పెట్టుకోండి. ఒక ఒమానీ రియాల్ అంటే 2.6 డాలర్లు, 1986 నుంచి ఆ రేటు కదల్లేదు, మన లెక్కలో 220 రూపాయల పైనే. రియాల్‌కి 1000 బైసాలు. మెనూలో 5 అని చూస్తే చిన్న నంబర్‌లా కనిపిస్తది, తీరా బిల్లు కట్టాక వెయ్యి రూపాయలు దాటిందని తెలుస్తది. మీకు తెలుసా, ఒకప్పుడు అక్కడ మన రూపాయే నడిచేది, 1959లో మన రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చేసింది, అవి ఒమన్‌లో 1970 దాకా చెల్లాయి.

కారు గురించి. ఒమన్‌లో కారు లేకపోతే ట్రిప్ లేదు, నా ఉద్దేశం అంతే. చూడాల్సినవన్నీ వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, బస్సు హైవే మీద దింపేస్తది, అక్కడి నుంచి లోపలికి పోవడానికి ఏం ఉండదు. రోడ్లు మాత్రం అద్భుతం, సుల్తాన్ ఖాబూస్ 1970లో పగ్గాలు తీసుకున్నప్పుడు దేశం మొత్తానికి పది కిలోమీటర్ల తారు రోడ్డే ఉండేదని చెప్తారు, ఇప్పుడు హైవే మీద 120లో వెళ్తుంటే ఆ మాట నమ్మబుద్ధి కాదు. డ్రైవింగ్ కుడి వైపు, స్టీరింగ్ ఎడమ వైపు, మొదటి రోజు రౌండబౌట్ల దగ్గర కొంచెం నిదానంగా పోండి, కెమెరాలు ప్రతి చోటా ఉంటాయి. వెళ్ళే ముందు ఇక్కడ ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. పెట్రోల్ లీటరు పావు రియాల్ లోపే, అంటే మన కంటే చాలా చవక. కారు మాత్రం ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందేది, తీసుకోండి. ఎందుకు అంటే జబల్ అఖ్దర్ కొండ కింద పోలీసులు ఆపి చూస్తారు, ఫోర్ బై ఫోర్ కాకపోతే పైకి పోనియ్యరు, మీరు బతిమాలినా సరే. ఇంకా రెంటల్ అగ్రిమెంట్‌లో ఇన్సూరెన్స్ పేజీ చదవండి, ఇసుకలో, వాదీ (అంటే కొండల మధ్య వాగు) నీళ్ళలో పాడైతే చాలా పాలసీల్లో కవర్ కాదు.

మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు తప్పక చూడాలి, 2001లో తెరిచారు, కట్టడానికి మన దేశం నుంచే 3 లక్షల టన్నుల ఇసుకరాయి వెళ్ళింది. లోపల ఒకటే కార్పెట్, 21 టన్నుల బరువు, ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్ళు నాలుగేళ్ళు నేశారు. ముస్లింలు కానివాళ్ళకి పొద్దున 8 నుంచి 11 వరకే, శుక్రవారం లేదు, వెళ్ళే ముందు రోజు టైమింగ్, టికెట్ ఒకసారి చూసుకోండి. ఆడవాళ్ళు తల, చేతులు, కాళ్ళు కప్పుకోవాలి, మన చుడీదార్, పెద్ద చున్నీ సరిగ్గా సరిపోతాయి. సాయంత్రం మత్రా కార్నిష్, అంటే సముద్రం ఒడ్డు రోడ్డు మీద నడవండి, బాగుంటది. మత్రా సూక్, అంటే అక్కడి బజారు మాత్రం నాకు అంత నచ్చలేదు, శాలువాలు, బ్యాగులు చాలా వరకు మన దగ్గర నుంచి పోయినవే, అక్కడ కొనాల్సింది లుబాన్ ఒక్కటే, ధూపానికి వేస్తారు కదా అది, కొంచెం ఆకుపచ్చగా తెల్లగా ఉండే హోజరీ రకం అడగండి. టిఫిన్ బెంగ ఉన్నవాళ్ళు మస్కట్‌లోనే ఉన్న రువీ ఏరియాకి పోండి, ఇడ్లీ దోసె ఎక్కడ కావాలంటే అక్కడ.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, నిజ్వా. మస్కట్ నుంచి గంటన్నర, రెండు గంటలు. అందరూ కోట కోసం వెళ్తారు, వెళ్ళాలి కూడా, 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన గుండ్రటి బురుజు ఉంది, లోపల సగం దాకా మట్టితో నింపేశారు, ఫిరంగి గుండు తగిలినా కదలకుండా. పైకి పోయే మెట్లు ఇరుకుగా మలుపులు తిరుగుతాయి, ప్రతి తలుపు పైన ఒక చీలిక, శత్రువు తలుపు దగ్గరికి వస్తే అందులోంచి సలసల కాగే ఖర్జూర పాకం పోసేవాళ్ళు. శుక్రవారం పొద్దున్నే మేకల సంత, జనం గుండ్రంగా నిలబడితే మధ్యలో మేకల్ని తిప్పుతూ ధర అరుస్తారు, ఏడింటికల్లా అక్కడ ఉండండి, తొమ్మిదయ్యే సరికి ఖాళీ అయిపోద్ది.

కానీ నేను చెప్పేది దానికి పక్కనే ఉన్న ఫలజ్ గురించి, దీన్ని చాలామంది ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. కొండ కింద భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టి, అక్కడ నుంచి ఊరి దాకా కిలోమీటర్ల కొద్దీ సన్నటి వాలుతో సొరంగం తవ్వి, మోటారు లేదు, కరెంటు లేదు, నీళ్ళు వాటంతట అవే నడిచొచ్చేలా చేశారు. దేశంలో ఇలాంటివి సుమారు 3000 ఇప్పటికీ పారుతున్నాయి, అందులో 5 యునెస్కో లిస్టులో 2006లో చేరాయి, నిజ్వా దగ్గరున్న ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. నీళ్ళు ముందు తాగడానికి, తర్వాతే స్నానాలకి, తోటలకి. తోటల్లో ఎవరి వంతు ఎంతసేపో పగలు నీడని బట్టి, రాత్రి చుక్కల్ని బట్టి లెక్క కట్టేవాళ్ళు, మన చెరువుల కింద నీరటి ఎలా ఉండేవాడో అలాగే ఇక్కడ కూడా ఊరు ఒప్పుకున్న ఒక మనిషి ఉంటాడు, ఆయన మాటే చెల్లుద్ది. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాళ్ళు ఎవరైనా ఇది చూస్తే కదలకుండా నిలబడిపోతారు.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే మిస్ఫత్ అల్ అబ్రియీన్ పోండి, నిజ్వా నుంచి గంట లోపే. కొండ అంచున రాతి పునాది మీద మట్టి ఇళ్ళు, కింద మెట్లు మెట్లుగా ఖర్జూర తోటలు, అరటి చెట్లు. పాత ఇళ్ళనే గెస్ట్ హౌస్‌లు చేశారు, ఒక రాత్రి అక్కడ ఉండండి. కాలువ మహా అయితే మూరెడు వెడల్పు, దాని గట్టు మీదే నడిచి తోటలన్నీ తిరగొచ్చు, ప్రతి మడవ దగ్గర ఒక రాయి, సందులో కుక్కిన పాత గుడ్డ. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఆ రాయి తీసి, గుడ్డ లాగి, అవతలి మడవలో పెడతారు. ఇంత ఎండ దేశంలో ఆ నీళ్ళలో చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు, మోకాళ్ళు, భుజాలు కప్పుకోండి, ఆడవాళ్ళ ఫొటోలు అడగకుండా తీయకండి, స్పీకర్‌లో పాటలు అసలే వద్దు. అక్కడి నుంచి జబల్ షమ్స్ దగ్గర, ఎత్తు సుమారు 3000 మీటర్లు, అంచున నిలబడితే కింద లోయ చూసి కళ్ళు తిరుగుతాయి, పిల్లల చెయ్యి వదలకండి, చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు. ఏప్రిల్‌లో వెళ్తే జబల్ అఖ్దర్ మీద గులాబీలు కోసి పన్నీరు తీస్తుంటారు, ఆ వాసన ఊరంతా ఉంటది.

ఇక ఇసుక. వహీబా సాండ్స్, షర్ఖియా సాండ్స్ అని కూడా అంటారు, సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు. బిదియా ఊళ్ళో టైర్లలో గాలి తగ్గించుకుని లోపలికి పోతారు, ఇసుకలో ఎప్పుడూ నడపనివాళ్ళు దయచేసి సొంతంగా పోకండి, క్యాంపువాళ్ళు రోడ్డు దగ్గరికి వచ్చి తీసుకెళ్తారు. ఒక రాత్రి చాలు. పొద్దు గుంకే ముందు దిబ్బ ఎక్కండి, చెప్పులు తీసేసి ఎక్కితే తేలిక, డిసెంబర్, జనవరిలో రాత్రి స్వెటర్ కావాలి, చాలామంది ఎడారి కదా అని ఏం తీసుకెళ్ళరు. డ్యూన్ బాషింగ్, అంటే ఇసుక దిబ్బల మీద కారుని ఎగరేస్తూ తిప్పడం, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి, గర్భిణులకి వద్దు. క్యాంపులో ఖవా, అంటే అరబ్ కాఫీ ఇస్తారు, యాలకుల వాసనతో చేదుగా ఉంటది, ఖర్జూరం కొరుక్కుంటూ తాగాలి. ఒమానీ హల్వా కూడా పెడతారు, కుంకుమపువ్వు, పన్నీరు వేసి చేస్తారు, నాకైతే ప్రాణం.

ఎడారిలోంచి బయటికి రాగానే వాదీ బనీ ఖాలిద్, పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న ఫ్యామిలీకి ఇదే బెస్ట్, పార్కింగ్ నుంచి కొంచెం నడిస్తే పచ్చటి మడుగులు. వయసులో ఉన్నవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు వాదీ షాబ్ వదలకండి. హైవే వంతెన కింద చిన్న పడవ ఎక్కించి అవతలి ఒడ్డుకి దింపుతారు, అక్కడ నుంచి రాళ్ళ మీద 40, 45 నిమిషాల నడక, తర్వాత మడుగుల్లో ఈదుకుంటూ పోతే చివర్లో కొండ చీలిక, తల మాత్రమే పట్టేంత సందు, అందులోంచి దూరితే లోపల గుహ, గుహలో జలపాతం. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ ఉన్నా సరే ఆ చివరి భాగం వద్దు, నడక వరకే ఎంతో అందంగా ఉంటది. గ్రిప్ ఉన్న చెప్పులు, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ పౌచ్, ఒంటి నిండా బట్టలు. మస్కట్‌కి తిరిగొచ్చే దారిలో బిమ్మా సింక్‌హోల్, అంటే నేల కుంగి ఏర్పడిన పెద్ద గుంట, నీలం ఆకుపచ్చ కలిసిన నీళ్ళు, అరగంట ఆగితే చాలు. తాబేళ్ళు చూడాలంటే సముద్రం ఒడ్డున ఉన్న సూర్ ఊరు దాటాక రాస్ అల్ జిన్జ్, రాత్రి టూర్ ముందే బుక్ చేయాలి.

ఒక్క హెచ్చరిక, చాలా సీరియస్‌గా చెప్తున్నా. వాన మబ్బు కనిపిస్తే వాదీలోకి దిగకండి. మీ నెత్తి మీద వాన లేకపోయినా ఎక్కడో కొండ మీద పడిన వాన నిమిషాల్లో వరదై వస్తది. 2024 ఏప్రిల్‌లో అలాంటి వరదలోనే స్కూల్ పిల్లలు కూడా కొట్టుకుపోయారు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ముందు కారు దాటిందని మీరు దాటొద్దు, ఫ్లైట్ మిస్సయినా సరే ఆగండి.

దక్షిణాన ఉన్న సలాలా గురించి అడుగుతారని తెలుసు. జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా ఖరీఫ్, అంటే అక్కడి వానాకాలం, అరేబియా అంతా మండిపోతుంటే అక్కడ తుంపర, పచ్చటి కొండలు. కానీ మస్కట్ నుంచి 1000 కిలోమీటర్లు, రెండూ ఒకే ట్రిప్‌లో కలపకండి, రెండింటికీ సీజన్ వేరు. వానాకాలం మనకి కొత్త కాదు కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఉత్తరం వైపే చూడండి.

సామాన్లలో రెండు మాటలు. ఇంటి నుంచి మసాలా పొడులు పెట్టుకునేవాళ్ళు గసగసాలు మాత్రం వేయకండి, గల్ఫ్‌లో కొన్ని దేశాల్లో అవి నిషేధం, ట్రాన్సిట్‌లో దొరికినా ఇబ్బందే. బీపీ, షుగర్ మందులు డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్ళండి. పర్మిషన్ లేకుండా డ్రోన్ వద్దు.

నా రూట్ ఇది, 7 రాత్రులు ఉంటే మస్కట్ 1, మిస్ఫత్ 1, నిజ్వా 1, జబల్ అఖ్దర్ 1, వహీబా 1, సూర్ 1, చివర్లో మళ్ళీ మస్కట్ 1. 4 రాత్రులే ఉంటే జబల్ అఖ్దర్, సూర్ తీసేసి చివరి మస్కట్ రాత్రి కూడా వదిలేయండి, మిస్ఫత్ మాత్రం తీయకండి. మీరు ఏ నెలలో వెళ్తున్నారు, ఎంతమంది, కారు మీరే నడుపుతారా, పెద్దవాళ్ళు ఉన్నారా, ఈ నాలుగూ కామెంట్‌లో రాయండి, దాన్ని బట్టి ఏది ఉంచాలో ఏది తీయాలో రిప్లై ఇస్తా.