ఆన్‌లైన్ అమ్మకందారు మోసం చేస్తే డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఎలా?

[తెరపై: బల్ల మీద రెండు ఇక్కత్ చీరలు. ఒక చేయి రెండింటి చెంగులనూ తిరగేసి చూపిస్తుంది.]

నమస్కారం. ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో "అసలైన పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర, చేనేత" అన్న ప్రకటన చూసి మీరు ఆరు వేల రూపాయలు చెల్లించారనుకుందాం. పార్శిల్ విప్పితే అందులో అచ్చు వేసిన పాలిస్టర్ చీర ఉంది. అమ్మకందారును అడిగితే, "ఫొటోకూ వస్తువుకూ కొంచెం తేడా ఉంటుంది మేడమ్, మా దగ్గర రిటర్న్ లేదు" అన్న జవాబు వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఆ చీరను బీరువాలో ఒక మూలకు నెట్టేస్తారు. ఆగిపోవలసిన అవసరం లేదు. ఇటువంటి వ్యవహారంలో డబ్బు ఏ దారిన వెళ్లిందో చూసుకుని, గడువు దాటకముందే ఆ దారిలో ఫిర్యాదు చేయగలిగితే అది తిరిగి వచ్చే అవకాశం చాలా వరకు ఉంటుంది.

మొదట చట్టం ఏమంటుందో చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలను తెచ్చింది. వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు దానిలో లేకపోయినా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా చేరినా, దానిని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే వ్యక్తి నిరాకరించకూడదని ఆ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆలస్యం విషయంలో మాత్రం ప్రకృతి వైపరీత్యాల వంటి కారణాలకు మినహాయింపు ఉంది. కాబట్టి "మా దగ్గర రిటర్న్ లేదు" అన్న వాక్యం, మీకు రంగు నచ్చక చీరను వెనక్కి ఇస్తున్నప్పుడు చెల్లుతుందేమో గానీ, పట్టు అని చెప్పి పాలిస్టర్ పంపినప్పుడు చెల్లదు.

ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే యాప్‌లో రిటర్న్ కోరేటప్పుడు కారణం ఎంచుకోమని అడిగిన చోటే సగం కేసులు బలహీనపడిపోతాయి. తొందరలో "నచ్చలేదు" అనో "మనసు మార్చుకున్నాను" అనో నొక్కితే, మోసపోయిన మీరే మాట మార్చిన కొనుగోలుదారుగా రికార్డులో మిగిలిపోతారు. "వర్ణనకు భిన్నమైన వస్తువు వచ్చింది" లేదా "నకిలీ వస్తువు" అన్న అర్థం వచ్చే కారణాన్నే ఎంచుకోండి. కింద రాసే నాలుగు వాక్యాల్లో కోపం కాకుండా వాస్తవం ఉండాలి: ప్రకటనలో పట్టు, చేనేత అని ఉంది, వచ్చినది అచ్చు వేసిన పాలిస్టర్, ఫొటోలు జతపరిచాను, పూర్తి సొమ్ము వాపసు కోరుతున్నాను.

[తెరపై: ఒక చీర వెనుక వైపు దగ్గరగా.]

సాక్ష్యం ఎలా ఉండాలో ఈ చీరతోనే చూడండి. ఇక్కత్‌లో నూలుకే ముందుగా ముడులు కట్టి రంగులు అద్ది, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అందువల్ల డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, ఆకృతుల అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు చీరను తిరగేస్తే వెనుక వైపు రంగు పాలిపోయి ఉంటుంది, గీతలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటాయి. ముందు వైపునూ వెనుక వైపునూ ఒకే ఫొటోలో వచ్చేలా మడిచి తీస్తే, అవతల చూసేవారికి పది వాక్యాల వివరణ అవసరం ఉండదు. పట్టు అవునో కాదో తేల్చుకోవడానికి దారం తీసి కాల్చి చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ సందర్భంలో ఆ పని చేయకండి, వస్తువును మీరే పాడుచేశారనే సాకు వారి చేతికి దొరుకుతుంది.

చీరతో పాటు మరికొన్నింటిని భద్రపరచాలి. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్‌ను ఆ రోజే తీసుకోండి, ఎందుకంటే ఫిర్యాదులు మొదలవగానే ఇటువంటి అమ్మకందారులు ఆ పేజీని తొలగించడమో వర్ణనను మార్చడమో చేస్తారు. పార్శిల్ కవరును చెత్తబుట్టలో వేయకండి. దాని మీది చీటీలో పంపినవారి పేరు, చిరునామా ఉంటాయి, బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటుంది. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం మంచి అలవాటే. వస్తువును తిరిగి అప్పగించేటప్పుడు కూడా ప్యాక్ చేస్తున్న దృశ్యాన్ని వీడియో తీయండి, పికప్‌కు వచ్చిన వ్యక్తి నుంచి రసీదు తీసుకోండి. "మీరు వేరే చీర పంపారు" అని ఎదురు తిరిగే అమ్మకందారులకు అదే సమాధానం.

ఇక మార్కెట్‌ప్లేస్ సంస్థ సంగతికి వద్దాం. "మేము మధ్యవర్తులం మాత్రమే, అమ్మకందారునే అడగండి" అని కస్టమర్ కేర్ వారు చెబితే, ఆ మాట అక్కడితో ముగిసేది కాదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని నియమించి, ఆ అధికారి పేరు, సంప్రదించవలసిన వివరాలను తన వేదిక మీద ప్రదర్శించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాటింగ్‌లో గంటలు గడపడం కంటే ఆ అధికారికి ఒక ఈ-మెయిల్ రాయడం ఎంతో మేలు, ఎందుకంటే గడువును లెక్కపెట్టడానికి మీ చేతిలో తేదీ ఉన్న కాగితం ఉంటుంది. అదే ఈ-మెయిల్‌లో అమ్మకందారు పూర్తి వివరాలు కూడా కోరండి. కొనుగోలు చేసిన వ్యక్తి రాతపూర్వకంగా అడిగితే, అమ్మకందారు ప్రధాన కార్యాలయం, శాఖల చిరునామాలు, ఈ-మెయిల్, వివాద పరిష్కారానికి అవసరమైన ఇతర సమాచారం మార్కెట్‌ప్లేస్ ఇవ్వాలని నిబంధన ఉంది.

మధ్యవర్తి వాదన ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్నకు ఒక ఉదాహరణ ఉంది. తప్పనిసరి నాణ్యతా ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లను తన వేదిక మీద అమ్మనిచ్చినందుకు, 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా విధించింది. 2,265 కుక్కర్లు కొన్నవారందరికీ విషయం తెలియజేసి, వస్తువులను వెనక్కి తీసుకుని, సొమ్ము తిరిగి ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఆ ఆదేశాన్ని కంపెనీ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఏది ఏమైనా, అమ్మింది మరొకరు అన్నంత మాత్రాన వేదికను ఎవరూ ప్రశ్నించలేరన్న భావన సరికాదు.

నెల గడిచినా ఫలితం లేకపోతే, లేదా ఫిర్యాదునే పట్టించుకోకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. ఇది న్యాయస్థానం కాదు, ఆదేశాలు ఇవ్వదు. మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడుతుంది. అయినా కస్టమర్ కేర్‌లో కదలని ఫైలు ఇక్కడ కదలడం తరచుగా జరిగేదే.

[తెరపై: కార్డు, యూపీఐ, నగదు గుర్తులు.]

ఈలోగా డబ్బు వెళ్లిన దారిని మరచిపోకూడదు. క్రెడిట్ కార్డుతోనో డెబిట్ కార్డుతోనో చెల్లించి ఉంటే, "వస్తువు రాలేదు" లేదా "వర్ణనకు భిన్నంగా వచ్చింది" అన్న కారణంతో కార్డు ఇచ్చిన బ్యాంకును ఛార్జ్‌బ్యాక్, అంటే చెల్లించిన సొమ్మును అమ్మకందారు వైపు నుంచి వెనక్కి రప్పించమని కోరవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ వ్యవస్థల్లో ఇటువంటి వివాదాలకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, అయితే బ్యాంకులు తమకు ఫారం అందవలసిన గడువును అంతకంటే తక్కువగా పెట్టవచ్చు కాబట్టి వెంటనే అడగడమే మంచిది. సంస్థ నుంచి వచ్చిన తిరస్కరణ ఈ-మెయిల్‌ను దానికి జతచేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, బ్యాంకుల మీది ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

యూపీఐ ద్వారా వ్యాపార ఖాతాకు చెల్లించి ఉంటే, యాప్‌లో ఆ లావాదేవీని తెరిచి అక్కడే వివాదం నమోదు చేయవచ్చు. కష్టమంతా ఒక వ్యక్తి సొంత ఖాతాకు నేరుగా పంపినప్పుడే వస్తుంది. మీరే పిన్ నొక్కి పంపిన సొమ్మును, అవతలి వ్యక్తి అంగీకారం లేకుండా బ్యాంకు తనంత తాను వెనక్కి తీయదు. మార్కెట్‌ప్లేస్‌లో ప్రకటన పెట్టి, "నేరుగా పంపితే ఐదు వందలు తగ్గిస్తాను" అని వాట్సాప్‌లోకి రమ్మనేవారు కోరుకునేది సరిగ్గా ఇదే. వేదిక బయట చెల్లించిన క్షణాన ఆ వేదిక రిటర్న్ హామీ మీకు వర్తించదు.

సామాజిక మాధ్యమంలోని ఒక పేజీలో చీరను చూసి డబ్బు పంపాక ఆ పేజీ మాయమైపోయినా, పాత వస్తువు అమ్ముతున్న మిమ్మల్ని "డబ్బు అందడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని మభ్యపెట్టినా, అది వినియోగదారు వివాదం కాదు, నేరం. (డబ్బు అందుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు.) అక్కడ నెల రోజుల గడువు కోసం ఎదురుచూడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ నంబరు, సమయం, అవతలి ఖాతా వివరాలు దగ్గర ఉంచుకోండి. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది, ఖాతాలో మిగిలిన మొత్తాన్ని అక్కడ నిలిపివేస్తారు. దొంగలు గంటల్లోనే డబ్బును మరిన్ని ఖాతాల్లోకి మళ్లిస్తారు కాబట్టి తొలి గంటలకు అంత విలువ ఉంది. అలా నిలిపివేసిన సొమ్ము బాధితుడి చేతికి రావడానికి చాలా సందర్భాల్లో న్యాయస్థానం ఉత్తర్వు అవసరం కావచ్చు. తెలంగాణలో ఇటువంటి మొత్తాలను లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు.

ఈ దశలో రెండో మోసం కాచుకుని ఉంటుంది. రీఫండ్ కోసం ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తే, అవతల మర్యాదగా మాట్లాడే వ్యక్తి ఒక యాప్ వేసుకోమంటాడు, స్క్రీన్ పంచుకోమంటాడు, లేదా పది రూపాయలు పంపి ఖాతాను ధ్రువీకరించమంటాడు. ఆరు వేలు పోయిన చోట అరవై వేలు పోయేది ఇలాగే. సంస్థ సొంత యాప్‌లో ఉన్న సహాయ విభాగం తప్ప మరో నంబరును నమ్మకండి.

[తెరపై: జిల్లా వినియోగదారుల కమిషన్ నామఫలకం.]

అన్ని తలుపులూ మూసుకుపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది, దాని పేరు వినగానే భయపడవలసిన పని లేదు. అమ్మకందారు సూరత్‌లో ఉన్నా, సంస్థ బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చని చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. కరీంనగర్ వ్యక్తి కరీంనగర్‌లోనే, ఏలూరు వ్యక్తి ఏలూరులోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. అమ్మకందారుతో పాటు మార్కెట్‌ప్లేస్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి, ఎందుకంటే అమ్మకందారు చిరునామాలో ఎవరూ లేరని నోటీసు తిరిగి వచ్చే సందర్భాలు తక్కువేమీ కాదు. సొమ్ము వాపసుతో పాటు వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కూడా కోరవచ్చు. ఒక హెచ్చరిక: ఆన్‌లైన్‌లో చీరలు కొని ఇంటి దగ్గర తిరిగి అమ్ముకునే మహిళలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు, తిరిగి అమ్మడం కోసం కొన్నవారిని ఈ చట్టం వినియోగదారులుగా గుర్తించదు, వారు సివిల్ దావా వైపో, మోసం స్పష్టంగా ఉంటే పోలీసుల వైపో చూడవలసి ఉంటుంది.

వస్తువుకు ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసును, ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, ఎక్కువ కాలం పట్టవచ్చు. కమిషన్ ఆదేశం వచ్చాక కూడా చెల్లించకపోతే అమలు కోసం అదే కమిషన్‌ను మళ్లీ ఆశ్రయించవచ్చు. 72వ సెక్షన్ కింద, ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష గానీ, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.