జనవరిలో శ్రీలంక: అల ఏ ఒడ్డున, మెట్లు ఎప్పుడు?

యాంకర్: విజయవాడ నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. జనవరి రెండో వారంలో ఆరు రోజులు నేనూ మావారూ శ్రీలంక వెళ్తున్నాం. ముందు అరుగం బేలో సర్ఫింగ్ నేర్చుకుని, ఆఖర్న శ్రీపాద కొండ ఎక్కుదామని.

నిపుణుడు: అరుగం బే తీసేయండమ్మా. అది తూర్పు ఒడ్డు. మన నెల్లూరుకి వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే అక్కడా కురుస్తాయి. అక్కడ సర్ఫింగ్ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా. జనవరిలో దక్షిణాన వెలిగమకి వెళ్లండి. అడుగున ఇసుక, అలలు చిన్నవి. ఎనిమిది, తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డే అడగండి, చిన్నదాని మీద కొత్తవాళ్లు నిలవలేరు.

కాలర్: శ్రీపాద మరి?

నిపుణుడు: అది ముందు పెట్టండి. రాత్రి ఎక్కి పైన సూర్యోదయం చూసే కొండ అది. ఆఖర్న పెడితే, ఆ రాత్రి వాన పడిందంటే ఇంకో రాత్రి మిగలదు.

కాలర్: అలిపిరి మెట్లు ఎక్కిన అలవాటుందండీ.

నిపుణుడు: అలిపిరి 3,550 మెట్లు, ఇది దాదాపు 5,500. పైగా తిరుమల నుంచి బస్సులో దిగొచ్చు, ఇక్కడ దిగడమూ కాళ్ల మీదే. మోకాళ్లు పట్టేసేది అప్పుడే. కాబట్టి నెల ముందు నుంచి మెట్లు దిగడం సాధన చేయండి.

హటన్ స్టేషన్‌లో దిగి, బస్సులో కొండ కింది ఊరు నల్లతన్నియ చేరండి. ఆ రాత్రే ఎక్కకండి, ఒకరోజు ఆగి మర్నాడు తెల్లవారుజామున రెండు గంటలకి బయల్దేరండి. అర్ధరాత్రే మొదలెడితే తెల్లారకముందే పైకి చేరి, చెమట బట్టలతో చలిగాలిలో వణుకుతారు. శిఖరం 2,243 మీటర్లు మరి. సంచిలో పొడి చొక్కా, తలకి మఫ్లర్ తప్పనిసరి. పౌర్ణమి, శని ఆదివారాలు మాత్రం వద్దు, జనం కిక్కిరిసి వరస కదలదు.

కాలర్: దిగాక మర్నాడే సర్ఫింగ్ చేయొచ్చా?

నిపుణుడు: తొడలు పట్టేసి ఉంటే బోర్డు మీద లేవలేరు. ఆ రోజు ప్రయాణానికి వాడుకోండి.

కాలర్: మావారికి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగే స్కూబా డైవింగ్ సరదా...

నిపుణుడు: దక్షిణాన, నైరుతిన అదే సీజన్, హిక్కడువలో చేయొచ్చు. కానీ ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే 24 ఉండాలి. లేకపోతే ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కడుతుంది. డైవ్ చేసి వెంటనే కొండెక్కినా అదే ప్రమాదం. శ్రీపాద ముందన్నది అందుక్కూడా.