తిరుపతి జూ రివ్యూ: పులి కనపడకపోతే టికెట్ దండగేనా?

నమస్కారం అండి. ఈ రోజు కొండ మీదికి కాదు, కొండ కింద ఉన్న శ్రీ వెంకటేశ్వర జూకి పోదాం. దర్శనం అయిపోయి, రైలుకు ఇంకా టైం ఉండి, వెంట పిల్లలు ఉంటే తిరుపతిలో మొదట గుర్తొచ్చేది ఇదే. నేను మా అక్క కొడుకుని తీసుకుని వెళ్ళాను. వాడికి తొమ్మిదేళ్ళు. ఓపిక మాత్రం తొమ్మిది నిమిషాలే.

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో ఎక్కువగా ఎన్‌క్లోజర్ల గురించే మాట్లాడతా. జంతువు ఉండే చోటు ఎలా ఉండాలి, మనం చూసేటప్పుడు ఏం గమనించాలి, ఇంకా ఏం చేస్తే బాగుంటుంది, ఇవన్నీ. హోటల్ రివ్యూ చేస్తూ గది సంగతి వదిలేసి, లాబీలో ఉన్న పూలకుండీ గురించి చెప్తే వింటారా మీరు?

సరే, ఈ జూని 1987లో పెట్టారు. విస్తీర్ణం 5,532 ఎకరాలు. హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు, విశాఖ జూ 625 ఎకరాలు. వాటి పక్కన దీన్ని పెడితే మీకే అర్థమవుతుంది. కాకపోతే ఈ ఐదు వేల చిల్లర ఎకరాల్లో ఎక్కువ భాగం అడవే. కంచె వేసి జంతువులకు ఇచ్చింది అందులో కొంతే. కాబట్టి ఎకరాల లెక్క చూసి మురిసిపోవడం కాదు, ఒక్కో జంతువు వాటాకు ఎంత వచ్చిందో చూడాలి.

దానికీ ఒక లెక్క ఉంది. దేశంలో జూలకు గుర్తింపు ఇచ్చేది కేంద్ర జూ అథారిటీ. అది 1992లో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన నిబంధనల్లో పులుల జతకు బయట తిరగడానికి కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలన్నారు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు పాతిక సెంట్లు. చిరుతల జతకు అందులో సగం. పాతిక సెంట్లంటే చంద్రగిరి వైపు పల్లెల్లో ఒక ఇల్లు, పశువుల కొట్టం, గడ్డివామి, నాలుగు కొబ్బరిచెట్లు పట్టే జాగా. అడవిలో మగపులి తిరిగే నేలను చదరపు కిలోమీటర్లలో కొలుస్తారు. ఎంత డబ్బు పోసి కట్టినా ఏ జూ కూడా ఆ నేలను ఇవ్వలేదు. అందుకని ఉన్న పాతిక సెంట్లలో ఏముంది, జంతువు తనకు నచ్చినట్టు ఏం చేసుకోగలదు అన్నదే అసలు ప్రశ్న. ఎండలో ఉండాలా నీడలోకి పోవాలా, పైకెక్కాలా కిందే పడుకోవాలా, మనకు కనపడాలా వద్దా. ఈ నిర్ణయాలు జంతువు చేతిలో ఉంటే అది మంచి ఎన్‌క్లోజర్. నా మార్కులన్నీ దీనికే.

చిరుతల దగ్గర కాసేపు ఆగుదాం. 2023లో అలిపిరి నడకదారిలో ఏం జరిగిందో తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఆగస్టులో ఆరేళ్ళ పాప చిరుత దాడిలో చనిపోయింది. తర్వాత నడిచి వెళ్ళే భక్తుల చేతికి కర్రలిచ్చారు. అటవీశాఖ వాళ్ళు బోన్లు పెట్టారు. బోనులో పడ్డ చిరుతలను ఈ జూకే తెచ్చారు. ఎవరి తప్పు, ఎవరిది కాదు అన్న వాదన ఇప్పుడు వద్దు. నేను చెప్పేది వేరే. జూలో పుట్టిన చిరుత, అడవిలో పెరిగి బోనులో పడ్డ చిరుత ఒకటి కావు. మొదటిదానికి మనుషుల గోల పుట్టినప్పటి నుంచి తెలుసు. రెండోది బతికిందే మనిషి కంట పడకుండా. అలాంటిదాన్ని తెచ్చి జనం ముందు పెడితే ఇనుప చువ్వలు కొరికి కోరలు విరగ్గొట్టుకుంటుంది, గోళ్ళు ఊడగొట్టుకుంటుంది. అందుకే వాటిని చూపించకుండా లోపల ఉంచడమే సరైన పని. "పట్టుకున్న చిరుతలు ఏవండీ, చూపించరా?" అని సిబ్బందిని నిలదీసేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

జనానికి చూపించే చిరుతలకైనా సరే, నన్నడిగితే ముందు కావాల్సింది ఎత్తు. చిరుత కింద పడుకుని మనల్ని తలెత్తి చూసే జంతువు కాదు. పైనుంచి చూసే రకం. వేరుశనగ చేలల్లో అడవి పందుల కాపలాకు వేసే మంచె ఉంటుంది చూడండి, అచ్చం అలాంటిది ఒకటి, మనిషి తల కంటే బాగా ఎత్తులో కావాలి. దానికి రెండు వైపుల నుంచి ఎక్కే దుంగలు ఉండాలి. ఒకే దారి ఉంటే రెండు చిరుతల్లో పెత్తనం చేసేది పైన కూర్చుంటుంది, రెండోది జీవితాంతం కిందే. పైన చెక్క పరవాలి, రేకు కాదు. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో రేకు మీద ఎవరు పడుకుంటారు?

ఎండ మాట వచ్చింది కాబట్టి చిన్న చిట్కా. ఎన్‌క్లోజర్లో నీడ ఉందా లేదా అన్నది పొద్దున తొమ్మిదింటికి చూస్తే తెలీదు. అప్పుడు అన్ని చోట్లా నీడే. మధ్యాహ్నం రెండు గంటలకు చూడాలి. నీళ్ళ తొట్టి కూడా అంతే. పులికి నీళ్ళంటే ఇష్టం, గంటల తరబడి మెడలోతు కూర్చుంటుంది. కానీ తొట్టి మీద నీడ లేకపోతే మే నెలలో ఆ నీళ్ళు కాగుతాయి. తొట్టి పక్కన ఒక చెట్టు, లేదా పైన గడ్డి కప్పు, అంతే. కోట్లు అక్కర్లేదు.

ఇప్పుడు చాలామందికి తట్టని సంగతి చెప్తా. మనం చూసేది పగటి ఇల్లే. సాయంత్రం గేటు మూసే వేళకు పెద్ద జంతువులను లోపలి గదుల్లోకి పిలుస్తారు. తిండి కూడా అక్కడే. అంటే రోజులో సగం కంటే ఎక్కువ సేపు అది ఉండేది మనకు కనిపించని ఆ గదిలో. పాత నిబంధనల్లో పులి గదికి కనీస కొలత 2.75 మీటర్ల పొడవు, 1.80 మీటర్ల వెడల్పు. అడుగుల్లో సుమారు తొమ్మిదీ ఆరు. రెండు నులకమంచాలు వేస్తే నిండిపోతుంది. నేల తడారకపోతే పాదాలకు పుండ్లు. గాలి ఆడకపోతే ఉక్క. ఎక్కడైనా సరే, ఎన్‌క్లోజర్ బాగుచెయ్యాలని డబ్బు వస్తే ముందు ఈ గదులకే పెట్టాలి అంటాను. కానీ దాతలకు ముందువైపు అద్దాల గోడ నచ్చుతుంది, అక్కడ పేరు రాయించుకోవచ్చు కాబట్టి. పులి పడుకునే చెక్కబల్ల మీద పేరు రాయించుకునే దాత ఒక్కడు దొరికినా సంతోషమే.

ఇక మా వాడి గొడవ. పులి దగ్గరికి వెళ్ళగానే కమ్మీలు పట్టుకుని ఊగుతూ, "మామా, పులి యాడుంది? ఏమీ కనపళ్ళేదు. డబ్బులు దండగ!" అన్నాడు. పక్కనున్న పెద్దాయన కూడా అవునన్నట్టు తల ఊపాడు. నేను "ఒరే, నోరు మూసుకుని రెండు నిమిషాలు నిలబడరా" అన్నాను. నిలబడ్డాడు, పాపం. పొద నీడలో ఏదో తెల్లగా చిన్న చుక్క కదిలింది. కాసేపటికి ఇంకో చుక్క. పులి చెవుల వెనక నల్లటి నలుపు మధ్యలో ఒక్కో తెల్లమచ్చ ఉంటుంది, మీరెప్పుడైనా గమనించారా? అది వీపు మన వైపు పెట్టి పడుకుంది. ఈగ వాలినప్పుడల్లా చెవి ఆడించేది. ఆ రెండు చుక్కలు పట్టుకున్నాక మిగతా పులి మెల్లగా కనపడింది: నడుము, తోక, వెనక కాలు. మా వాడు ఈల వెయ్యబోతే నేనే నోరు మూశాను.

కాబట్టి పులి కనపడలేదంటే ఎన్‌క్లోజర్ తన పని తాను చేస్తున్నట్టే. అన్ని వైపుల నుంచీ జనం చూస్తుంటే దాక్కునే చోటు లేని జంతువు ఏమవుతుందో నేను వేరే ఊళ్ళో చూశాను, ఆ జూ పేరు చెప్పను. అక్కడ ఒక ఎలుగుబంటి ఒకే గీత మీద, గోడ దాకా వెళ్ళడం, తల ఒక పక్కకు విసరడం, తిరిగి రావడం. మళ్ళీ అదే, మళ్ళీ అదే. నేల మీద ఆ దారి గాడిపడిపోయింది. జనం "డ్యాన్స్ చేస్తోంది" అని వీడియో తీసుకుంటున్నారు. అది డ్యాన్స్ కాదండీ, ఏ పనీ లేక బుర్ర చెడిన లక్షణం.

ఎలుగుబంటికి పని కావాలి. అడవిలో దాని రోజంతా చెదపుట్టలు తవ్వడంతోనే సరిపోతుంది. దాని పై పళ్ళలో ముందు రెండూ ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను ఊపిరితో లాగేస్తుంది, ఆ చప్పుడు దూరానికి వినపడుతుంది. అలాంటిదానికి పళ్ళెంలో జావ పోసి పెడితే పది నిమిషాల్లో భోజనం అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చెయ్యాలి? ఒక పాత దుంగకు బొక్కలు పెట్టి లోపల తేనె పూసి పడేస్తే చాలు, సగం పూట దాంతోనే. ఈతపండ్లు ఒక చోట గుట్ట పోయకుండా రాళ్ళ కింద దాచితే ఇంకా మంచిది. రోజూ ఒకే చోట దాస్తే మూడో రోజుకు అదీ బోరే, మార్చాలి. నేల మాత్రం తవ్వగలిగే మట్టి అయి ఉండాలి, సిమెంటు కాకూడదు.

జనానికీ, జంతువుకూ మధ్య ఏం పెట్టాలి అన్నది పాత చర్చే. 1907లో జర్మనీలో హాగెన్‌బెక్ అనే ఆయన చువ్వలు తీసేసి కందకం తవ్వాడు. చూసేవాళ్ళకు అడ్డం ఏమీ కనపడదు. మన దేశంలోనూ పులులు, సింహాలకు అదే పద్ధతి వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది కానీ కందకం ఎంత వెడల్పుంటే జంతువుకు అంత నేల తగ్గుతుంది. చిరుతకైతే అది పనికే రాదు, దూకుతుంది, ఎక్కుతుంది, పైన కూడా వల ఉండాల్సిందే. కందకమో కంచెనో, ఏదైనా మనిషికి బుద్ధి ఉన్నంతవరకే. 2024 ఫిబ్రవరిలో ఇదే జూలో ఒకాయన కంచె దాటి సింహం ఉన్న చోటికి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందులో సింహం చేసిన తప్పేముంది?

అంత దూరం పోనక్కర్లేదు, మొసళ్ళ దగ్గర నిలబడి చూడండి. "బతికుందా, బొమ్మా?" అని ఎవరో ఒకరు రాయి తీస్తారు. మొసలి కదలకుండా ఉండటమే దాని పద్ధతి, ఒంటికి కావాల్సిన వేడి పట్టేదాకా ఎండలో, ఎక్కువైతే నీళ్ళలో. నాణేలు వేసేవాళ్ళు ఇంకో రకం. అది హుండీ కాదు సామీ! ఆ నాణేలు మొసలి కడుపులోకి పోతాయి. నా సలహా ఒకటే: జనం నిలబడే చోట్లు తగ్గించి, మిగతా పొడవునా వెదురు తడికలు కట్టాలి. తడికల్లో పిల్లల ఎత్తుకూ పెద్దల ఎత్తుకూ కిటికీలు పెడితే చూపూ బాగుంటుంది, రాయి విసరడానికి చెయ్యీ ఆడదు.

సింహాల గురించి రెండు మాటలు. సర్కస్‌లో పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ఆడించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. 2001లో సుప్రీం కోర్టు వాటిని సమర్థించింది. అప్పుడు వాటిని పెట్టడానికి దేశంలో కొన్ని చోట్ల పునరావాస కేంద్రాలు కట్టారు, వాటిలో తిరుపతి ఒకటి. బండి బోనుల్లో ఊరూరా తిరిగిన సింహాలు చివరి రోజులు ఈ శేషాచలం కింద గడిపాయి. వాటిలో చాలావరకు ఆఫ్రికా, ఆసియా సింహాల కలగలుపు సంతానం, అందుకని పిల్లలు పెట్టనివ్వలేదు. తిరుపతి జూ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇది, దీని గురించి సందర్శకులకు ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

నాకున్న ఒకే ఒక్క దురాశ: ఈ కొండల జంతువులకే ఒక ప్రత్యేకమైన మూల. దేవాంగపిల్లి అని పెద్ద పెద్ద కళ్ళుండే చిన్న జంతువు ఒకటుంది, అది పగలు నిద్రపోతుంది. దాన్ని చూపించాలంటే రాత్రిపూట లైట్లు వేసి, పగలు మసక వెలుతురు ఉంచే ఇల్లు కట్టాలి, అప్పుడు మనం వెళ్ళే వేళకు అది మేలుకుంటుంది. హైదరాబాద్ జూలో అలాంటి ఇల్లు ఉంది. తిరుమల కొండల బంగారు బల్లి కూడా అందులో ఉంటే, కొండకు వచ్చిన జనానికి తాము ఏ అడవిలోంచి నడిచి వెళ్ళారో తెలుస్తుంది.

వెళ్ళేవాళ్ళకు: పొద్దున్నే వెళ్ళండి, జంతువులు అప్పుడే కాస్త తిరుగుతాయి. లోపల దూరాలు ఎక్కువ, పెద్దవాళ్ళు ఉంటే బ్యాటరీ బండి తీసుకోండి, మోకాళ్ళతో పంతం వద్దు. సఫారీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకు ఇవ్వండి. చేతిలో తినేవి బయట పెట్టకండి, కోతులు మనకంటే ముందే చూస్తాయి. మంగళవారం సెలవు, ఆ రోజు పోయి గేటు ముందు నిలబడి నన్ను తిట్టుకోవద్దు.