శ్రీనగర్ రన్‌వే మీద నాట్: 18వ స్క్వాడ్రన్ చరిత్ర

[తెరపై: నేల మీద నిలిపి ఉంచిన నాట్ విమానం, పక్క నుంచి తీసిన ఫొటో]

నమస్కారం. భారత వైమానిక దళంలో ఇప్పటివరకు పరమవీర చక్ర లభించింది ఒక్కరికే. ఆయన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్. ఆయన ఏ స్క్వాడ్రన్ (విమానాలు, పైలట్లతో కూడిన దళం) మనిషి, ఏ విమానం నడిపారు, 1971 డిసెంబరు 14న శ్రీనగర్ రన్‌వే మీద ఏం జరిగిందన్నది తెలిస్తేనే ఆ పతకం విలువ పూర్తిగా అర్థమవుతుందన్న నమ్మకంతో, విజయవాడ నుంచి ఈ వీడియో మీ ముందుకు తెస్తున్నాం.

సెఖోన్ పనిచేసిన 18వ స్క్వాడ్రన్ 1965 ఏప్రిల్ 15న ఏర్పడింది. దాని పేరు ‘ఫ్లయింగ్ బుల్లెట్స్’. ‘తీవ్ర ఔర్ నిర్భయ’ అన్నది దాని నినాదం. మొదట దాని చేతికి వచ్చిన విమానం నాట్.

[తెరపై: నాట్ కొలతలు చూపే రేఖాచిత్రం]

ఈ విమానం గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. యుద్ధవిమానాలు ఏటికేడు బరువెక్కి, ఖరీదు పెరిగిపోతున్న 1950లలో, బ్రిటన్‌లోని ఫాలండ్ సంస్థలో టెడ్డీ పెటర్ అనే ఇంజినీరు అందుకు పూర్తిగా ఎదురుదారి పట్టి, ఒకే ఇంజిన్‌తో, ఒకే పైలట్‌తో, వీలైనంత చిన్న విమానాన్ని రూపొందించారు. అది 1955 జులైలో తొలిసారి ఎగిరింది. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 6.7 మీటర్లు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తెచ్చే పెద్ద లారీ పొడవు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నేలకు బాగా దగ్గరగా ఉండటం వల్ల, మెకానిక్‌లు చాలా పనులు నిచ్చెన లేకుండానే చేయగలిగేవారు. చక్రాలను కొద్దిగా కిందికి దించితే అవే గాలిలో బ్రేకుల్లా పనిచేసేవి. ఆయుధాలుగా రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి.

బ్రిటన్ వైమానిక దళం దీన్ని శిక్షణ విమానంగానే తీసుకుంది. యుద్ధవిమానంగా నమ్మి, 1956లో లైసెన్సు ఒప్పందం చేసుకుని, బెంగళూరులో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ద్వారా పెద్దఎత్తున తయారు చేయించింది మన దేశమే. లోపాలు లేవని కాదు. ఫిరంగులు పేలుతూ పేలుతూ మధ్యలో మొరాయించేవి, తోకను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థ పైలట్లను ఎన్నోసార్లు ఇబ్బంది పెట్టింది. అయినా వేగంగా పైకి లేవడంలోనూ, చిన్న మలుపులో తిరగడంలోనూ, శత్రువు కంటికి అంత తేలిగ్గా చిక్కకపోవడంలోనూ అది తన సత్తా చూపించింది.

[తెరపై: కశ్మీర్ లోయ పటం, శ్రీనగర్ విమానాశ్రయం గుర్తుతో]

పాకిస్థాన్‌తో యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో గగనతల రక్షణ విమానాలే లేవు. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అక్కడ వాటిని ఉంచకూడదు. అందువల్ల 1971లో అక్కడికి వెళ్లిన 18వ స్క్వాడ్రన్ పైలట్లకు ఆ కొండలు కొత్త, సముద్రమట్టానికి 1,600 మీటర్లకు పైగా ఉన్న ఆ ఎత్తు కొత్త, ఎముకలు కొరికే ఆ చలీ కొత్తే.

డిసెంబరు 14న ఆరు పాకిస్థానీ సేబర్ విమానాలు ఆ స్థావరం మీద దాడికి వచ్చాయి. సెఖోన్ అప్పుడు రెడీనెస్ డ్యూటీలో, అంటే పిలుపు రాగానే గాలిలోకి లేవవలసిన విధిలో ఉన్నారు. అయితే ముందు విమానం బయలుదేరినప్పుడు లేచిన దుమ్ము మేఘంలా కమ్మేయడంతో ఆయన వెంటనే కదలలేకపోయారు. రన్‌వే కనిపించే వేళకు సేబర్లు నెత్తిమీదకు వచ్చేసి కాల్పులు జరుపుతున్నాయి. నేల మీద పరుగు తీస్తున్న విమానానికి పక్కకు తప్పుకునే దారి ఉండదు, ఎదురు కాల్చే వీలూ ఉండదు. ఆ క్షణంలో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టలేరు. అయినా ఆయన ఆగలేదు. గాలిలోకి లేస్తూనే జంటగా వస్తున్న రెండు సేబర్లను ఎదుర్కొని, రెండింటినీ దెబ్బతీశారని పరమవీర చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. తర్వాత చెట్ల ఎత్తులో సాగిన పోరాటంలో, సంఖ్యాబలం ముందు ఒంటరిగా నిలిచి, ఆయన విమానం కూలి వీరమరణం పొందారు.

[తెరపై: అజీత్, మిగ్-27, తేజస్ విమానాల ఫొటోలు వరుసగా]

నాట్ తర్వాత, దానికే మెరుగుదిద్దిన అజీత్, ఆపైన మిగ్-27 ఈ స్క్వాడ్రన్‌కు వచ్చాయి. 2016 ఏప్రిల్ 15న, సరిగ్గా పుట్టినరోజునే, స్క్వాడ్రన్‌ను తాత్కాలికంగా నిలిపివేశారు. 2020 ఏప్రిల్ 1న తమిళనాడులోని సూలూరులో తిరిగి ప్రాణం పోశారు. ఆ ఏడాది మే 27 నుంచి ఈ స్క్వాడ్రన్ తేజస్ విమానాలు నడుపుతోంది.

[తెరపై: గుంటూరు–ఒంగోలు మార్గం పటం]

శ్రీనగర్‌లో ఒక్క రన్‌వే మీద కమ్మిన దుమ్ము ఎంత విలువైన సమయాన్ని మింగేసిందో చూశాం. ఉన్న ఒక్క రన్‌వే కూడా దెబ్బతింటే విమానాలకు చోటు ఎక్కడ అన్న ప్రశ్నకు వైమానిక దళం వెతుకుతున్న సమాధానాల్లో ఒకటి మన పక్కనే ఉంది. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద, చిలకలూరిపేట, మార్టూరు దాటాక, కొరిశపాడు–రేణంగివరం మధ్య, 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో, అత్యవసర వేళల్లో విమానాలు దిగేందుకు కాంక్రీటు రహదారి వేశారు. 2022 డిసెంబరు 29న విమానాలు దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్లాయి. 2024 మార్చి 18న సుఖోయ్-30, హాక్ విమానాలు రహదారిని తాకేంత దగ్గరగా వచ్చి లేచిపోగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అక్కడే దిగి, అక్కడి నుంచే మళ్లీ ఎగిరాయి.