బటన్ దాచితే సరిపోదు: వెబ్ అప్లికేషన్‌లో అడ్మిన్ లాగిన్, యూజర్ రోల్స్

నమస్తే అండి. ఈ వీడియోలో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో అడ్మిన్‌కు వేరే లాగిన్ పెడదాం, మిగతా యూజర్లకు రోల్స్, అంటే ఎవరు ఏ పని చేయొచ్చో చెప్పే హోదాలు ఇద్దాం. ఉదాహరణకు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ అప్లికేషన్ తీసుకున్నాను. గేటు దగ్గర గుమాస్తా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు లెక్కపెట్టి, తేజానా, 334నా అని రకం చూసి, లాట్ ఎంట్రీ వేస్తాడు. మేనేజర్ సరిచూసి బాండు, అంటే సరుకు దాచినట్టు రసీదు ఇస్తాడు. అవసరమైతే ఆ సరుకు మీదే రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. అంటే మన స్క్రీన్ మీద ఒక అంకె మారితే ఒక ఇంటి లెక్కంతా మారిపోతుంది. రోల్స్ గురించి నేనింత గట్టిగా చెప్పేది అందుకే.

చాలా ఆఫీసుల్లో అందరికీ కలిపి ఒకటే లాగిన్ ఉంటుంది. పాస్‌వర్డ్ మానిటర్ అంచున చీటీ మీద అతికించి ఉంటుంది. రేపు ఒక లాట్‌లో పది టిక్కీలు తగ్గితే ఎవరు మార్చారని అడగడానికి కూడా దారి ఉండదు. కాబట్టి మొదటి పని, మనిషికో లాగిన్.

టేబుల్స్ చూద్దాం. యూజర్స్ టేబుల్‌లో పేరు, ఫోన్ నంబర్, పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను తిరిగి తీయలేని రూపంలోకి మార్చిన అక్షరాలు), రోల్ ఐడీ, యాక్టివ్ అనే కాలమ్స్ పెడుతున్నాను. రోల్స్ టేబుల్‌లో నాలుగు వరుసలు: అడ్మిన్, మేనేజర్, గుమాస్తా, రైతు. పర్మిషన్స్ టేబుల్‌లో చేసే పనులు ఉంటాయి: లాట్ ఎంట్రీ, లాట్ డిలీట్, బాండు ఇవ్వడం, అద్దె రేటు మార్చడం, కొత్త యూజర్‌ని చేర్చడం. ఏ రోల్‌కు ఏ పని చేసే వీలుందో చెప్పడానికి మధ్యలో ఇంకో టేబుల్. కోడ్‌లో ఎక్కడా 'మేనేజర్ అయితే' అని రాయకండి, 'బాండు ఇచ్చే పర్మిషన్ ఉంటే' అని రాయండి. రేపు ఓనర్ గారు గుమాస్తాకు కూడా బాండు ఇచ్చే వీలు కావాలంటే ఆ మధ్య టేబుల్‌లో ఒక వరుస చేరుస్తారు, కోడ్ జోలికి వెళ్లక్కర్లేదు.

అడ్మిన్‌లకు వేరే టేబుల్ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఇలాంటి అప్లికేషన్‌కు నేనైతే వద్దంటాను. రెండు టేబుల్స్ ఉంటే పాస్‌వర్డ్ కోడ్ రెండుసార్లు రాయాలి. ఒకచోట సరిచేసి రెండోచోట మర్చిపోవడం మామూలే. లాగిన్ పేజీ వేరుగా ఉండనివ్వండి, టేబుల్ మాత్రం ఒకటే చాలు.

పాస్‌వర్డ్‌కు పీహెచ్‌పీలో పాస్‌వర్డ్ హ్యాష్ అనే ఫంక్షన్ ఉంది, 5.5 వెర్షన్ నుంచీ ఉంది. ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి వాడకండి. అది చాలా వేగంగా లెక్క కడుతుంది, దొంగకు కావాల్సిందీ ఆ వేగమే. కాలమ్ పొడవు 255 పెట్టండి. ఇప్పుడు 60 అక్షరాలే పట్టినా, ముందు ముందు పద్ధతి మారితే పొడవు పెరగొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. స్క్రీన్ చూడండి. గుమాస్తాగా లాగిన్ అయ్యాను. లాట్ జాబితాలో డిలీట్ బటన్ కనిపించట్లేదు, ఎందుకంటే పేజీలో దాన్ని దాచేశాం. బాగానే ఉంది కదా? ఇప్పుడు పైన అడ్రస్ బార్‌లో డిలీట్ పేజీ పేరు టైప్ చేసి, చివర లాట్ నంబర్ 412 ఇస్తున్నాను. ఎంటర్. జాబితాలో చూడండి, 412 లేదు. గుమాస్తా చేతుల మీదుగా ఒక రైతు సరుకు రికార్డు ఎగిరిపోయింది. బటన్ దాచడమంటే గుమ్మానికి పరదా కట్టి తాళం వేశామనుకోవడమే. ఓవాస్ప్ అనే సంస్థ వెబ్ అప్లికేషన్ లోపాల జాబితా వేస్తుంది. ఈ రకం లోపం 2017లో అయిదో స్థానంలో ఉండేది, 2021 జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది.

సరిచేద్దాం. ఒక ఫైల్‌లో ఒక ఫంక్షన్ రాస్తున్నాను. సెషన్‌లో, అంటే లాగిన్ అయినవాళ్ల గురించి సర్వర్ గుర్తుపెట్టుకునే చోట, యూజర్ ఐడీ ఉందా? లేకపోతే లాగిన్ పేజీకి పంపు. ఉంటే ఆ యూజర్ ఇంకా యాక్టివ్‌గా ఉన్నాడా, అతని రోల్‌కు ఈ పర్మిషన్ ఉందా అని డేటాబేస్‌లో చూడు. లేకపోతే 403, అంటే 'అనుమతి లేదు' అనే జవాబు ఇచ్చి ఆగిపో. రోల్‌ని సెషన్‌లో దాచుకోకుండా ప్రతిసారీ డేటాబేస్‌లో చూడమంటున్నాను, గమనించారా? సీజన్ మధ్యలో గుమాస్తా పని మానేశాడనుకోండి. రోల్ సెషన్‌లోనే ఉంటే, మీరు అతన్ని ఇన్‌యాక్టివ్ చేసినా, అతని ఫోన్‌లో తెరిచి ఉన్న సెషన్ పాత రోల్‌తోనే నడుస్తూ ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లైన్ దగ్గర ఆగుదాం. లాగిన్ పేజీకి పంపడానికి హెడర్ లొకేషన్ రాస్తాం. దాని కింద ఎగ్జిట్ రాయకపోతే పీహెచ్‌పీ ఆగదు, మిగతా కోడ్ అంతా నడిపేస్తుంది. బ్రౌజర్ లాగిన్ పేజీ చూపిస్తుంది, లోపల మాత్రం డిలీట్ అయిపోతుంది. చూసేవాళ్లకు అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఎగ్జిట్ మర్చిపోకండి. అలాగే డిలీట్‌ను లింకుతో కాకుండా పోస్ట్ ఫారంతో, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌తో (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య కోడ్) చేయించండి.

రైతు లాగిన్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. రైతుకు బాండు చూసే పర్మిషన్ ఉంది, మన ఫంక్షన్ సరే అంటుంది. కానీ అడ్రస్‌లో 412 తీసేసి 413 పెడితే పక్క రైతు బాండు వచ్చేస్తుంది! రోల్ సరైనదే, సరుకు మాత్రం అతనిది కాదు. కాబట్టి రైతు పేజీలో డేటాబేస్‌ను అడిగే క్వెరీలో లాట్ ఐడీతో పాటు రైతు ఐడీ కూడా కలపాలి, అదీ సెషన్‌లోంచి తీసుకున్న ఐడీ, అడ్రస్‌లోంచి వచ్చింది కాదు. రైతులు సొంతంగా నమోదయ్యే ఫారంలోనూ ఇదే జాగ్రత్త. రోల్‌ని పేజీలో కనిపించని హిడెన్ ఫీల్డ్‌లో పెట్టి పంపితే, బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ నొక్కి అక్కడ అడ్మిన్ అని మార్చుకోవడం ఎవరికైనా నిమిషం పని. రోల్ సర్వర్ కోడ్‌లోనే పెట్టండి.

ఇక అడ్మిన్ లాగిన్. పేజీ వేరే అడ్రస్‌లో ఉంటుంది. ఆ అడ్రస్ ఎవరికీ తెలియదులే అని మాత్రం ధైర్యపడకండి. ఆ పేజీలో గుమాస్తా సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వకూడదు, 'ఫోన్ నంబర్ లేదా పాస్‌వర్డ్ తప్పు' అనే మాటే చూపించాలి. 'మీరు అడ్మిన్ కాదు' అని చూపిస్తే పాస్‌వర్డ్ సరైనదేనని మనమే చెప్పినట్టవుతుంది. లాగిన్ కాగానే, సెషన్ ఐడీని కొత్తగా మార్చే సెషన్ రీజనరేట్ ఐడీ ఫంక్షన్‌ను పిలవండి. అడ్మిన్‌కు ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ కూడా అడగండి. పది నిమిషాలు కదలిక లేకపోతే లాగౌట్ చేయండి. గుమాస్తాకు మాత్రం అంత తొందర పెట్టకండి, లారీ దించుతుండగా మాటిమాటికీ లాగిన్ అడిగితే మళ్లీ ఆ చీటీయే మానిటర్ మీదకు వస్తుంది.

మొదటి అడ్మిన్‌ని సర్వర్‌లో కమాండ్ లైన్ నుంచి చేర్చండి. అందుకోసం సెటప్ పేజీ పెట్టి అలాగే వదిలేస్తే, దాన్ని ముందు తెరిచినవాడే అడ్మిన్. మిగిలిన చివరి అడ్మిన్‌ని ఎవరూ తీసేయకుండా ఒక షరతు రాయండి. ఎవరు, ఎప్పుడు, ఏ లాట్‌ను ఎంత నుంచి ఎంతకు మార్చారో రాసే లాగ్ టేబుల్ కూడా పెట్టండి. దాంట్లో వరుసలు తీసేసే పర్మిషన్ అడ్మిన్‌కు కూడా ఇవ్వకండి.

చివరిగా టెస్టింగ్. ఒక బ్రౌజర్‌లో అడ్మిన్‌గా, ఇంకో బ్రౌజర్‌లో గుమాస్తాగా లాగిన్ అవ్వండి. అడ్మిన్ పేజీల అడ్రస్‌లు ఒక్కొక్కటీ కాపీ చేసి గుమాస్తా బ్రౌజర్‌లో పేస్ట్ చేయండి, ప్రతిదానికీ 403 రావాలి. తర్వాత లాగౌట్ అయి మళ్లీ అవే పేస్ట్ చేయండి, ఈసారి లాగిన్ పేజీ రావాలి. డిలీట్ లాంటి పోస్ట్ ఫారాలకు అడ్రస్ పేస్ట్ చేస్తే సరిపోదు. ఆ రిక్వెస్ట్‌ను పోస్ట్‌మ్యాన్ అనే రిక్వెస్ట్‌లు పంపే టూల్‌లో గుమాస్తా కుకీతో, గుమాస్తా టోకెన్‌తోనే పంపి చూడండి. టోకెన్ లేకుండా పంపితే 403 దానివల్ల వచ్చిందో, రోల్ వల్ల వచ్చిందో తేలదు. లాట్ డిలీట్, రేటు మార్పు, కొత్త యూజర్, ముందు ఈ మూడింటితో మొదలుపెట్టండి.