ఎర్రగా పండిన చేతులు, గాజుపళ్లెంలో గోరింటాకు

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లొచ్చాయి, సార్వా నాట్లు మొదలయ్యాయి. ఇప్పుడు ఈ గ్రంథాలయానికి వస్తుంటే దారి పొడవునా చేలల్లో వంగి నాట్లేస్తున్న ఆడవాళ్లే కనిపించారు. అందరి చేతులూ ఎర్రగా పండి ఉన్నాయి. ఆషాఢం కదా! రోజంతా బురదనీళ్లలో ఉంటే కాలివేళ్ల సందులు నాని, తెల్లబడి, చిట్లుతాయి. అక్కడ బ్యాక్టీరియా, ఫంగస్ చేరతాయి. "గోరింటాకు పెట్టుకోవే, కాళ్లు చెడవు" అనేది మా అమ్మమ్మ. మైక్రోబయాలజీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఆ మాటలో ఎంత నిజముందో చూడాలనిపించింది.

ముందు రోలు సంగతి చెబుతాను. ఆకు కోసి ఊరికే గుప్పిట్లో పట్టుకుంటే చెయ్యి పండదు. ఎరుపునిచ్చే పదార్థం పేరు లాసోన్. పచ్చి ఆకులో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది. మెత్తగా నూరితే కణాలు పగిలి, ఆకులోని ఎంజైములే ఆ ముడి విప్పుతాయి. బయటపడ్డ లాసోన్ చర్మంలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అందుకే కడిగినా పోదు. అమ్మ నూరేటప్పుడు వేసే చింతపండు పులుపు లాసోన్ త్వరగా పాడవకుండా కాపాడుతుంది. ల్యాబ్‌లో ఆకును నీడన ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్లో నానబెట్టి, వడకట్టి సారం తీస్తాం. పద్ధతి వేరు గానీ, పని ఒకటే. నీళ్లలో కరగనివి కూడా ఆల్కహాల్లోకి వస్తాయి కాబట్టి చాలా ఆకుల విషయంలో ఆల్కహాల్ సారానికే బలం ఎక్కువ.

ఇక పరీక్ష. గాజుపళ్లెంలో అగర్, అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ, పోసి, దానిమీద పుండ్లలో చీము పట్టించే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాను పూస్తాం. అగర్‌లో చిన్న గుంట చేసి అందులో సారం వేస్తాం. 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే పళ్లెమంతా బ్యాక్టీరియా పొర కమ్ముతుంది. సారం పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగులుతుంది. ఒక ఏడాది మా విద్యార్థులు పెద్ద వలయం చూసి గంతులేశారు. పక్క గుంటలో ఉట్టి ఆల్కహాల్ ఏదని అడిగితే, వెయ్యలేదన్నారు. బ్యాక్టీరియాను ఆపింది ఆకా, ఆల్కహాలా? చెప్పలేం. మళ్లీ మొదట్నుంచి చేశాం. పేపర్లో "ఫలానా ఆకు క్రిములను చంపుతుంది" అని చదివినప్పుడల్లా ఆ ఉట్టి గుంట గుర్తొస్తుంది నాకు.

గోరింటాకు సారానికి వలయం వస్తుంది, నిజమే. స్టెఫైలోకాకస్ మీద బాగానే కనిపిస్తుంది. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు బయట మరో పొర ఉంటుంది కాబట్టి ఆకు సారాలకు అవి అంత తేలిగ్గా లొంగవు. అయితే వలయం ఒక్కటే చూస్తే చాలదు, ఎంత మోతాదుకు వచ్చిందో చూడాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే, 1948లో, ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. అలాంటి యాంటీబయాటిక్ మైక్రోగ్రాముల్లో చేసే పనికి ముడి ఆకు సారం సాధారణంగా మిల్లీగ్రాముల్లో కావాలి. అంటే వెయ్యి రెట్ల లెక్క. అందుకే నాట్ల కాళ్లకు గోరింటాకు సంతోషంగా పెట్టుకోండి. పుండు పడి చీము పడితే మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లండి.

యాంటీఆక్సిడెంట్, అంటే కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునేది, అనే మాట ఇప్పుడు ప్రతి పొడి డబ్బా మీదా ఉంటోంది. ఆ పరీక్ష చూడ్డానికి చాలా బాగుంటుంది. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఆకు సారం చుక్కలు వేస్తే రంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. ఎంత విరిగిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచి, విటమిన్ సి తో పోలుస్తాం. గోరింటాకులో ఫినాల్ పదార్థాలు, టానిన్లు ఉన్నాయి కాబట్టి ఈ పరీక్షలో అది బాగా నెగ్గుతుంది.

నేను అసలు చెప్పాలని వచ్చింది ఇది, అమ్మలు దయచేసి వినండి. పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంట్‌గా నెగ్గిన ఈ ఆకులోనే ఉన్న లాసోన్, కొందరు పసిబిడ్డల రక్తంలో సరిగ్గా దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలుంటారు, వారిలో మగపిల్లలు ఎక్కువ. వాళ్ల ఎర్రరక్తకణాలు ఆక్సీకరణను తట్టుకోలేవు. పల్చటి చర్మం గుండా లాసోన్ లోపలికి వెళ్తే ఆ కణాలు పగిలి కామెర్లు, తీవ్రమైన రక్తహీనత వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. బిడ్డకు ఈ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం, రక్తపరీక్ష చెయ్యాలి. ముద్దుగా ఉంటుందని నెలల పిల్లల అరచేతుల్లో చందమామ పెట్టకండి. గోరింటాకు రసం ఎవరికీ తాగించకండి. తొందరగా నల్లగా పండే కోన్లు అసలే వద్దు. వాటిలో తరచుగా జుట్టు రంగులో వాడే పీపీడీ కలుపుతారు, దానికి చర్మం బొబ్బలెక్కుతుంది.

ఈ బల్ల మీద మూడు పళ్లేలు పెట్టాను. ఒకదానిలో మా పెరటి గోరింటాకు సారం, ఒకదానిలో ఉట్టి ఆల్కహాల్, మూడోదానిలో యాంటీబయాటిక్ బిళ్ల. నిన్న సాయంత్రం పెట్టినవి. మూతలు తియ్యకుండా ఒక్కొక్కరే వచ్చి వలయాలు స్కేలుతో కొలిచి, ఆ కాగితం మీద రాయండి. పిల్లలు ముందు రండి.