యువరాజు తల్లిని చంపితే సింహాసనం నిలుస్తుందా?

"హు రాణిని బతకనిచ్చారు, అందుకే ఉత్తర వెయ్ రాజ్యం కూలింది." ఒకప్పుడు ఉత్తర చైనాను ఏలిన ఆ రాజ్యంలో యువరాజు తల్లిని చంపే ఆచారం ఉండేది, హు రాణిని మాత్రం చంపలేదు. చైనా చరిత్ర మాట్లాడేవాళ్లు ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో! విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

క్రీ.శ. 409వ సంవత్సరం, రాజధాని పింగ్‌చెంగ్. అంటే ఇప్పటి దాటోంగ్. రాజ్యస్థాపకుడు టువోబా గుయ్ తన కొడుకును వారసుడిగా ఎంచుకుని, ఆ కుర్రాడి తల్లిని చంపించాడు. రేపు రాజమాత, ఆమె పుట్టింటివాళ్లు పెత్తనం చేస్తారని భయం. తల్లి కోసం ఏడ్చిన కొడుకు తండ్రి కోపానికి జడిసి పారిపోయాడు. అదే ఏడాది ఇంకో భార్యను కూడా చంపబోతే, ఆమె కొడుకు రాత్రికి రాత్రి తండ్రినే చంపేశాడు. అయినా ఆ ఆచారం పోలేదు, తరతరాలు నడిచింది.

చెరువుకు తూము మూసేశారనుకోండి. నీళ్లు ఆగిపోతాయా? కట్ట ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి కొడతాయి. పసివాడు గద్దెనెక్కితే నమ్మకస్తులు ఎవరో ఒకరు పక్కన ఉండాలి కదా. తల్లి లేదు, పాలిచ్చి పెంచిన దాది ఉంది. ఈ రాజ్యంలో ఇద్దరు దాదులు ఏకంగా రాజమాతలయ్యారు!

అసలు గండి ఫెంగ్ రాణి. ఆమెకు పిల్లల్లేరు కాబట్టి ఆ ఆచారం ఆమెను తాకలేదు. 456లో యువరాజు కన్నతల్లి ప్రాణం తీశారు. 465లో ఆమె భర్త, అంటే రాజు, పోయాక సవతితల్లి ఫెంగే మిగిలింది. మరుసటి ఏడాదే పెత్తనం చేస్తున్న మంత్రి యి హున్‌ను చంపించి పగ్గాలు పట్టుకుంది. 476లో ఆ సవతికొడుకు హఠాత్తుగా చనిపోతే, ఆమే విషం పెట్టించిందని అనుమానించారు. 483లో మనవడి వరసైన రాజు షియావోవెన్ తన కొడుకు తల్లిని చంపకుండా వదిలేద్దామనుకుంటే, ఫెంగ్ ఒప్పుకోలేదు. చూశారా, తూము తాళం ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది! ఆడవాళ్ల పెత్తనం ఆపడానికి పెట్టిన ఆచారాన్నే ఆమె ఆయుధంగా వాడుకుంది. పాలనలో మాత్రం దిట్ట. 485లో రైతులకు భూములు పంచిన చట్టం ఆమె హయాంలోదే, తర్వాత చైనాను ఏలిన తాంగ్ రాజులూ ఆ పద్ధతినే నడిపారు.

టైమ్ అయిపోతోంది, హు రాణి సంగతి గబగబా చెప్పేస్తాను. 512లో ఆమె కొడుకును యువరాజును చేసినా ఆమెను చంపలేదు. 515 నుంచి పాలించింది. 520లో సొంత చెల్లెలి భర్తే ఆమెను బంధించాడు, 525లో మళ్లీ వచ్చింది. 528లో కొడుకు చనిపోతే ఆమే విషం పెట్టించిందన్నారు. సేనాని అర్‌జు రోంగ్ వచ్చి ఆమెను, ఆమె గద్దెనెక్కించిన పసివాణ్ని పసుపు నదిలో ముంచి, వెయ్యిమందికి పైగా అధికారులను ఊచకోత కోయించాడు.

ఆమె తప్పులు చిన్నవి కావు. కానీ కట్ట అప్పటికే వేరేచోట తెగింది. 494లో రాజధాని దక్షిణాన లువోయాంగ్‌కు మారాక ఉత్తర సరిహద్దు సైనికులను పట్టించుకున్నవాళ్లు లేరు, వాళ్లు 520ల్లో తిరగబడ్డారు. 534లో రాజ్యం తూర్పు, పశ్చిమ ముక్కలైతే ఒకదాన్ని ఆడించిన గావో హువాన్, రెండోదాన్ని ఆడించిన యువెన్ తాయ్, ఇద్దరూ ఆ సరిహద్దు దండుల్లోంచి వచ్చినవాళ్లే.